పదకొండో నిమిషంలో ఆగే గడ్డి బండి

జనగామలో రైల్వే గేటు దాటి కొంచెం ముందుకు పోతే ఎడమ చేతి వైపు లింగ్యా దుకాణం ఉండేది. రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడకు వేలాడే పాత పైపులు. బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని ఎవరైనా అడిగితే, "బండి ఆగినోనికి నేనేడుంటనో ఎవలన్న చెప్తరు. ఆగనోనికి నాతోని పనేంది?" అనేవాడు.

అతను పుట్టింది నెల్లికుదురు దగ్గర ఒక తండాలో. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఒకటి. ఐదో తరగతి దాకా ఆ రెండింటి మధ్య తిరిగి, తర్వాత బడి మానేసి ఒక రైతు బావి దగ్గర ఆయిలింజన్‌కు కాపలా కూర్చున్నాడు. ఇంజన్ ఆగినప్పుడల్లా మానుకోట నుంచి ఒక మేస్త్రీ వచ్చేవాడు. మేస్త్రీ చాలా మాట్లాడేవాడు. ఇంజన్ ఎట్లా పనిచేస్తుందో, తను లేకపోతే జిల్లా ఎట్లా ఎండిపోతుందో చెప్పేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకసారి లోపలి వాషరు ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. నెల తిరగకుండా ఇంజన్ మళ్ళీ ఆగింది. మేస్త్రీకి కబురు పెట్టే లోపల లింగ్యా ఇంజన్ విప్పాడు. విప్పిన ప్రతి ముక్కనూ తువ్వాల మీద వరసగా పేర్చాడు. వాషరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పాత చెప్పు తోలుతో ఒకటి కోసి పెట్టి, పేర్చిన వరసకు ఎదురు వరసలో బిగించాడు. ఇంజన్ నడిచింది. తన చదువు గురించి లింగ్యా చెప్పుకొనేది ఇంతే.

తర్వాత ఒక కంకర మిషన్ దగ్గర పదకొండేళ్ళు పనిచేశాడు. అక్కడ ఎడమ చెవికి వినికిడి సగం పోయింది. ఆ చెవి వైపు నిలబడి బేరమాడేవాళ్ళు ఓడిపోయేవాళ్ళు. ఆ తర్వాత జనగామకు వచ్చి షెడ్డు వేసుకున్నాడు. ఆటోలు, మందు కొట్టే స్ప్రేయర్లు, పెళ్ళిళ్ళ జనరేటర్లు, ఏది వచ్చినా చూసేవాడు. ఏ బండి వచ్చినా మొదట చేసే పని ఒకటే. ట్యాంకు మూత తీసి పక్కన పెట్టి, లోపలికి తొంగి చూడటం. మూత తియ్యకుండా స్పానరు పట్టేవాడు మెకానిక్కు కాదని అతని నమ్మకం. ముప్పై ఏళ్ళలో ఈ పద్ధతి అతన్ని ఒక్కసారే మోసం చేసింది. అది రెండువేల పదకొండు, సెప్టెంబరు నెలాఖరున.

అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. లింగ్యా కూడా దుకాణం మూశాడు. కానీ ప్రతి చౌరస్తాలో దీక్షా శిబిరం ఉంది, ప్రతి శిబిరానికి ఒక జనరేటరు ఉంది. సమ్మెలో అందరికీ పని తగ్గింది, లింగ్యాకు పెరిగింది.

ఒకరోజు పొద్దున భూపాలపల్లి నుంచి ఫోను వచ్చింది. చేసింది కొండల్ రెడ్డి. ఆయనకు అక్కడ ఒక ప్రైవేటు కాలేజీ, దాని వెనక ఐదెకరాల ఆటస్థలం ఉన్నాయి. హైదరాబాదులో ఏదో ఫ్యాక్టరీ మూతపడితే వేలంలో ఒక గడ్డి కోసే బండి కొన్నాడు. మీద కూర్చుని స్టీరింగు తిప్పుతూ నడపాలి, కింద కత్తులు తిరుగుతాయి. చూడటానికి ట్రాక్టరు పిల్లలా ఉంటుంది.

"లింగ్యా, ఆదివారం మా గ్రౌండ్ల సభ ఉన్నది. గడ్డి మోకాళ్ళ దాక పెరిగింది. గీ బండి పది నిమిషాలు నడుస్తది, ఆగుతది. ఇక్కడ ముగ్గురు చూసిన్రు, ముగ్గురు మూడు చెప్పిన్రు."

"బండి ఏమంటున్నది పటేలా?"

"బండి ఏమంటదయ్యా? ఆగుతున్నదంటున్న గదా."

"వస్త," అన్నాడు లింగ్యా.

బస్సులు లేవు కాబట్టి మోటారు సైకిల్ మీద బయల్దేరాడు. పెద్ద రోడ్డు మీద రాస్తారోకో ఉందని ఘన్‌పూర్ దగ్గర జఫర్‌గఢ్ వైపు మళ్ళాడు. జఫర్‌గఢ్‌లో కూడా రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. తినకుండా పోనివ్వలేదు. వర్ధన్నపేటలో ఒకసారి, పరకాలలో ఇంకోసారి తినిపించారు. భూపాలపల్లి చేరేసరికి పొద్దు గూకింది. అక్కడా అన్నం పెడితే వద్దన్నాడు. ఉద్యమానికి వ్యతిరేకమా అని అడిగారు. కడుపు చూపించాడు.

మర్నాడు పొద్దున అసలు సంగతి తెలిసింది. పరేషాన్ బండి గురించి మాత్రమే కాదు.

బండి నడిపేది జమున అనే ఆమె. ఊడ్చే పనికి చేరింది. మొదట నడిపినవాడు మానేసిన రోజున, అతన్ని రోజూ చూస్తున్న జమున ఎక్కి నడిపింది. అప్పటి నుంచి ఆమెదే ఆ పని. ఇప్పుడు కాలేజీ మేనేజరు కరుణాకర్, ఆమె పెట్రోలు తీసి అమ్ముకుని బదులు రేషను కిరోసిన్ పోస్తోందని అన్నాడు. పదిమందిలో అన్నాడు. సమ్మెలో బంకుల దగ్గర పెట్రోలు దొరకడం లేదు కాబట్టి ఆ మాట నమ్మడం సులువు. ఆమె జాగాలో పెట్టడానికి కరుణాకర్ బామ్మర్ది ఒకడు సిద్ధంగా ఉన్నాడు కాబట్టి అనడం ఇంకా సులువు.

కొండల్ రెడ్డి ఎటూ తేల్చలేదు. "ఇయ్యాల పొద్దూకె వరకు చూద్దాం. పెట్రోల్ల కల్తీ అని తేలితే పొమ్మంట. లేకుంటె ఉంటది," అన్నాడు.

జమున బండి పక్కన నిలబడి ఉంది. లింగ్యా ఆమెనే అడిగాడు.

"ఎట్ల ఆగుతది? సప్పున ఆగుతదా, దగ్గి ఆగుతదా?"

"దగ్గుతది అన్నా. పది నిమిషాలు మంచిగ నడుస్తది. అటెన్క గొంతుల ఏదో అడ్డం వడ్డట్టు దగ్గి దగ్గి ఆగుతది. ఎంత తిప్పినా లేవది. బువ్వ తిని వచ్చి తిప్పితే మల్ల లేస్తది."

"ఎన్ని దినాలాయె?"

"ఆరేడు దినాలు."

ముగ్గురు మెకానిక్కులు మూడు చెప్పారంటే ఆశ్చర్యం లేదు. ఈ మాటలు వాళ్ళెవరూ ఆమెను అడగలేదు.

లింగ్యా తన పద్ధతి ప్రకారం మూత తీసి పక్కన పెట్టి ట్యాంకులోకి చూశాడు. సగం పైన పెట్రోలు ఉంది. తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి ఎండలో పెట్టాడు. రేషను కిరోసిన్ ఉంటే నీలంగా నూనె మరక మిగులుతుంది. కరుణాకర్ వచ్చి కాగితం మీదికి వంగాడు.

"నీలం ఉన్నది సూడు."

"అది నీ నీడ సారు. జర జరుగు."

కరుణాకర్ జరిగాడు. కాగితం ఆరింది. మరక లేదు. ఒక సీసాలో పెట్రోలు పట్టి కదలకుండా పెట్టాడు. కిందికి నీళ్ళు దిగలేదు.

"పెట్రోల్ పెట్రోలే," అన్నాడు లింగ్యా.

"పైకి మంచిగనే కనవడ్తది. ఆమె మీ తండా మనిషి గదా, నువ్వు గట్లనే అంటవు."

"పెట్రోల్‌కు తండా తెల్వది సారు. మండుడే తెల్సు."

జమునను ఎక్కమన్నాడు. మనిషి సీటు మీద లేకపోతే ఆ బండి ఇంజన్ నడవదు. ఆమె కూర్చుంది, అతను పక్కన నిలబడి గడియారం చూశాడు. పది నిమిషాలు నడిచింది. ఇరవై నిమిషాలు నడిచింది. అరగంట తర్వాత జమున మొహంలో భయం కనిపించింది. బండి ఆగితే దొంగతనం, ఆగకపోతే అబద్ధం.

"నిన్నటి దాక ఆగింది అన్నా. ఒట్టు."

"ఆగలేదని నేనన్ననా?"

మూత బిగించి, గడ్డి కోసి రమ్మని పంపాడు. రెండు వరసలు కోసింది. పదకొండో నిమిషంలో బండి దగ్గి, గ్రౌండు నడుమ ఆగింది. కరుణాకర్ నవ్వాడు.

లింగ్యా పానాల సంచీ ఎత్తుకుని నడుమకు పోయాడు. మూత తీసి పక్కన పెట్టాడు. తువ్వాల పరిచాడు. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు వచ్చే దారిలో ఉన్నవన్నీ వరసగా చూశాడు. పైపు పగల్లేదు. నడుమ ఉన్న ఫిల్టరు తీసి నోటితో ఊదాడు, గాలి ధారగా పోయింది. పంపు దగ్గర పైపు ఊడదీసి జమునతో ఇంజన్ తిప్పించాడు. పెట్రోలు ఆవు చన్ను పిండినట్టు చిర్రు చిర్రున పడింది. కార్బురేటరు అడుగు గిన్నె విప్పాడు. అది మాత్రం ఎండి ఉంది. చుక్క లేదు. అంటే పెట్రోలు అక్కడి దాకా రావడం లేదు. కానీ వచ్చే దారి అంతా బాగుంది.

అన్నీ కడిగి బిగించాడు. నడిపించాడు. నలభై నిమిషాలు నడిచింది. మూత పెట్టాడు. పదకొండో నిమిషంలో ఆగింది.

మధ్యాహ్నం అయింది. వంట చేసే గట్టమ్మ అటుగా వచ్చి చూసింది. అరవై దాటిన మనిషి.

"ఏందిరా లింగ్యా, నువ్వు పక్కన ఉంటే నడుస్తది, నువ్వు పోతే ఆగుతది. కొత్త పెండ్లాం లెక్క ఉన్నది గదా."

"నేను పక్కనుంటే ఎందుకు నడుస్తున్నదో అదే సమజైతలేదు అవ్వా."

కరుణాకర్‌కు సమజైంది. "సమజయ్యేదేమున్నది? నువ్వు చూస్తుంటే ఆమె మంచిగ నడుపుతది, పంపిస్తే ఏదో ఒకటి ఆపుతది. కాళ్ళ కింద ఏం తొక్కుతుందో ఎవలు చూసిన్రు?" అన్నాడు. ఉదయం ఆమె పెట్రోలు దొంగ. మధ్యాహ్నానికి బండిని కావాలని ఆపే మనిషి కూడా అయింది.

కొండల్ రెడ్డి గడియారం చూసుకున్నాడు.

లింగ్యా మూడోసారి మూత మీద చెయ్యి వేశాడు. తిప్పాడు. అప్పుడు జమున అంది:

"అన్నా, నువ్వు మూత తీసినప్పుడల్ల సుస్సుమంటది. మునుపు గట్ల అనకపోయేది."

లింగ్యా చెయ్యి ఆగింది. "సుస్సుమంటదా?"

"ఇయ్యాల రెండు సార్లు అన్నది. ఇందాక గ్రౌండు నడుమ ఒకసారి ఇన్న. ఇప్పుడు నువ్వు సగం తిప్పినవ్, అప్పుడే అన్నది."

లింగ్యాకు వినపడలేదు. అతను మూత వైపు ఎడమ చెవి పెట్టి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి అట్లాగే నిలబడ్డాడు. మూత మళ్ళీ గట్టిగా బిగించి, బండి నడిపించమన్నాడు. పదకొండో నిమిషంలో ఆగింది. అతను కుడి చెవి ట్యాంకుకు ఆనించి మూత మెల్లగా తిప్పాడు. ఊపిరాడనివాడు గాలి పీల్చినట్టు ట్యాంకు సుస్సున లోపలికి పీల్చింది.

మూత చేతిలోకి తీసుకుని మొదటిసారి దాన్ని చూశాడు. అప్పటిదాకా ట్యాంకు లోపల చూశాడు గాని మూతను చూడలేదు.

మూత మీద గుండ్రటి స్టిక్కరు ఉంది. తెలంగాణ పటం, కింద టీజీ అని రెండు అక్షరాలు. ఆ రోజుల్లో ఏ బండికైనా నెంబరు ప్లేటు మీద ఏపీ తీసేసి టీజీ పెట్టడం రివాజు. గడ్డి బండికి నెంబరు ప్లేటు ఉండదు. దాన్ని వదిలెయ్యడం ఎవరికో మనసు ఒప్పలేదు. బండి మొత్తం మీద స్టిక్కరు సరిగ్గా పట్టేంత గుండ్రటి జాగా మూత ఒక్కటే.

లింగ్యా మూతను తిరగేసి లోపలి నుంచి నోటితో ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి. గాలి పోలేదు.

"ఇది ఎన్నడు అంటించిన్రు?"

"సమ్మె షురువైనంక, ఆరేడు దినాల కింద," అంది జమున.

"ఎవలు?"

గట్టమ్మ కరుణాకర్ వైపు చూసింది. అందరూ అటే చూశారు.

"అన్నిటికి అంటించిన," అన్నాడు కరుణాకర్. "బీరువాలకు అంటించిన. బోరు మోటరుకు అంటించిన. తప్పేంది?"

"అంటించుడు తప్పని నేనంటలేను," అన్నాడు లింగ్యా. గట్టమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, నూనె డబ్బాకు ఎన్ని తూట్లు కొడ్తవ్?"

"రెండు."

"ఒక్కటే కొడితే?"

"గుటగుట మంటది, ఇంత ఇంత పడ్తది, ఆగుతది. గాలి పోవద్దా మరి? గిది గూడ తెల్వదార నీకు?"

"గంతే పటేలా," అన్నాడు లింగ్యా కొండల్ రెడ్డితో. "మూత నడుమ సన్న తూటు ఉంటది. పెట్రోలు తగ్గినకొద్ది దాంట్లకెళ్ళి గాలి లోపలికి పోవాలె. తూటు మూస్తే ట్యాంకు పెట్రోలును విడువది. గిన్నెల ఉన్నది పది నిమిషాలకు అయిపోతది. బువ్వ తినే దాక ఆగితే యాడికెళ్ళో ఇంత గాలి దూరుతది, మల్ల లేస్తది. నేను మూత తీసి పెట్టి చూసిన, గందుకే నా ముందట నడిచింది. తప్పు నాది గూడ ఉన్నది. మూత తీసుడు నేర్చిన గని మూత చూసుడు నేర్వలే."

కొండల్ రెడ్డి మూత వైపు వేలు చూపించాడు. "అయితే తూటు పొడువు."

జమున గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. లింగ్యా స్టిక్కరును వేలితో తడిమి, తూటు ఎక్కడుందో చూసి, పిన్నీసు మొన అక్కడ ఆనించాడు. కరుణాకర్ ఎగిరి దుంకాడు.

"ఆగు ఆగు! అది హైదరాబాద్!"

అందరూ వంగి చూశారు. నిజమే. స్టిక్కరు కొంచెం పక్కకు అంటింది. తూటు సరిగ్గా హైదరాబాదు మీదికి వచ్చింది.

"హైదరాబాద్ లేని తెలంగాణ మాకొద్దని ఊరంత మొత్తుకుంటున్నం. సభ గ్రౌండ్ల బండి మీద హైదరాబాద్‌కు తూటు పొడుస్తవా? పిల్లలు చూస్తే ఏమంటరు?"

"అయితే జర పక్కకు పొడుస్త. నల్లగొండల," అన్నాడు లింగ్యా. "గాలి మాత్రం పోదు."

దీని మీద పావుగంట చర్చ జరిగింది. నల్లగొండకు తూటు పొడవవచ్చా అని కూడా ఒకరు అడిగారు. లింగ్యా పిన్నీసు పట్టుకుని కూర్చున్నాడు. చివరికి స్టిక్కరును చిరగకుండా తీసి ముందు బానెట్ మీద అంటించాలని తేలింది. తియ్యడం ఎవరు? లింగ్యా తనకు చేతకాదన్నాడు. అంటించినవాడికే దాని జిగురు తెలుస్తుందన్నాడు. కరుణాకర్ నేల మీద కూర్చుని, గోటితో అంచు లేపి, ఊపిరి బిగబట్టి, పది నిమిషాలు తీసి, బానెట్ మీదికి మార్చాడు. హైదరాబాదుకు ఏమీ కాలేదు.

మూత బిగించారు. "ఎక్కు జమునా," అన్నాడు కొండల్ రెడ్డి.

జమున ఎక్కలేదు.

"మబ్బు పట్టింది. పొద్దూకె వరకు కొయ్యాలె. ఎక్కు."

"కోస్త పటేలా. సారును చెప్పమను."

"ఏం చెప్పాలె?" అన్నాడు కరుణాకర్. తర్వాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. నువ్వు తియ్యలే. సరేనా? ఎక్కు."

"దొంగ అన్నప్పుడు పదిమందిల అన్నవ్ సారు. ఇప్పుడు చెవుల చెప్తున్నవ్."

"పదిమందిని మల్ల యాడికెళ్ళి తేవాలె?"

"నీ బామ్మర్దిని ఎక్కిపియ్యి మరి. నేను ఊడ్సుకుంట."

బామ్మర్దికి బండి నడపడం రాదు. అది అందరికీ తెలుసు. కొండల్ రెడ్డి మోకాళ్ళ దాకా ఉన్న గడ్డిని చూశాడు, మబ్బును చూశాడు, కరుణాకర్‌ను చూశాడు.

అప్పుడే సభకు మైకు సెట్టు తెచ్చినవాళ్ళు గ్రౌండు నాలుగు మూలలా కట్టెలు పాతి బాకాలు కట్టడం ముగించారు. వాళ్ళలో ఒకడు ఇదంతా విని, "అన్నా, మైకు ఎట్లనన్న టెస్టింగు చెయ్యాలె. నువ్వే చేస్తవా?" అన్నాడు.

"చెయ్యి కరుణాకర్," అన్నాడు కొండల్ రెడ్డి.

కరుణాకర్ మైకు పట్టుకున్నాడు.

"హలో. హలో. జమున పెట్రోలు తియ్యలేదు. హలో."

నాలుగు మూలల నుంచీ ఆ మాట వచ్చింది. బజారు దాకా పోయింది. జమున బండి దగ్గరే నిలబడి అరిచింది.

"ఏ జమున? ఈ ఊర్ల జమునలు మస్తుమంది ఉన్నరు!"

కరుణాకర్ గొంతు సవరించుకున్నాడు. అది కూడా నాలుగు మూలలా వినిపించింది.

"బానోత్ జమున పెట్రోలు తియ్యలేదు. కిరోసిన్ కలపలేదు. బండిని కావాలని ఆపలేదు. మూతకు గాలి ఆడక బండి ఆగింది."

"గాలి ఎందుకు ఆడలేదో గూడ చెప్పు నాయినా!" అంది గట్టమ్మ.

"మైకు టెస్టింగు అయిపోయింది," అన్నాడు కరుణాకర్.

ఇది సరిపోతుందా లేదా అని జమున లెక్క వేసుకున్నట్టుంది. తర్వాత చీర కొంగు నడుముకు చెక్కి బండి ఎక్కింది.

లింగ్యా గడియారం పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. పదకొండో నిమిషం వచ్చింది. బండి ఆ చివర మూల తిరుగుతోంది. పన్నెండు అయింది. ఇరవై అయింది. అతను గడియారం జేబులో పెట్టి, గట్టమ్మ ఇచ్చిన చాయ తాగాడు.

జమున చీకటి పడేదాకా దిగలేదు. ఐదెకరాలూ కోసింది. కరుణాకర్ మాత్రం మైకు దగ్గర నుంచి కదలకుండా ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ నిలబడ్డాడు. ఆమె ఆయన్ను జరగమనలేదు. హారన్ కొట్టలేదు. ఆయన చుట్టూ నాలుగు వైపులా శుభ్రంగా కోసుకుని పోయింది. ఆదివారం సభకు వచ్చినవాళ్ళు, అంత నున్నటి గ్రౌండులో ఒక్క మంచమంత జాగాలో మోకాళ్ళ దాకా గడ్డి ఎందుకు ఉంచారని అడిగారు. దాని చుట్టూ కూర్చున్నారు.